పరదేశమున మన ఇంటర్మీడియట్ పత్రము

విదేశములకు పోవువారిని గురించి మాటలాడునపుడు మన ప్రాంతమువారికి ఇంజనీర్లు, డాక్టర్లు మాత్రమే గుర్తుకు వత్తురు. వారి పట్టాలకు అక్కడ విలువ ఎట్లు కట్టుదురో చెప్పుటకు పత్రికలున్నవి, ఏజెంట్లున్నారు, ముందుగా పోయి స్థిరపడిన బంధువులున్నారు. కాని పదవ తరగతితోనో ఇంటర్మీడియట్‌తోనో చదువు నిలిపి భర్త వెంట అమెరికాకు పోయిన ఇల్లాలు, కువైట్‌లోనో దోహాలోనో డ్రైవరుగా, వెల్డరుగా చేరిన యువకుడు, ఇంటర్ కాగానే జర్మనీలో చదువుకొనవలెనని ఆశపడు విద్యార్థి - వీరి చేతిలోని పత్రమును గురించి మాటలాడువారు అరుదు. మన బోటి గ్రామీణ కళాశాల గడప దాటి బయటకు పోవు పత్రములలో అధికభాగము ఇవియే. అట్టి వాటిని గూర్చి మనము ఇంత మౌనముగా నుండుట నాకు వింతగా తోచుచున్నది.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. విదేశములో మన పత్రమునకు గుర్తింపు లభించునా లేదా అను విషయము అక్కడి అధికారి బల్లపై మాత్రమే తేలునది కాదు. అందులో సగము ఇక్కడ, పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో, పరీక్షకు పంపు నామినల్ రోల్‌లో, కళాశాల ఆఫీసు గదిలో ముందుగానే తేలిపోవుచున్నది. ఆ సగమునకు విద్యార్థిని ఒంటరిగా వదలివేయక కళాశాల తానే పూచీ వహింపవలెను.

పరదేశపు అధికారి మన పత్రమును చేతబట్టి అడుగు ప్రశ్నలు నిజమునకు మూడే. ఇది అసలుదేనా? ఇది నీదేనా? ఇది మా చదువులో దేనికి సమానము? విద్యార్థులు మూడవ ప్రశ్నకు భయపడుదురు. అనుభవజ్ఞులు రెండవ ప్రశ్నకు భయపడుదురు.

మొదటి ప్రశ్నకు ఒక మార్గము ఏర్పడియున్నది. 1961 అక్టోబరు 5న హేగ్ నగరములో కుదిరిన ఒప్పందము ప్రకారము, ఒక సభ్యదేశపు ప్రభుత్వము తన పత్రముపై 'అపోస్టిల్' అను ముద్ర వేసినచో తక్కిన సభ్యదేశములు మరల రాయబార కార్యాలయపు ముద్ర అడుగరాదు. మన దేశములో ఈ ఒప్పందము 2005 జూలై 14 నుండి అమలులోనికి వచ్చినది. ముందుగా రాష్ట్ర ప్రభుత్వ శాఖ మన మెమోను ధ్రువీకరింపవలెను, తరువాత విదేశాంగ మంత్రిత్వ శాఖ ముద్ర వేయును. గల్ఫ్ దేశములలో ఒమాన్ 2012లోను, బహ్రెయిన్ 2013 చివరను, సౌదీ అరేబియా 2022 డిసెంబరు 7న ఈ ఒప్పందమున చేరినవి. కువైట్, కతార్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లు చేరలేదు. వాటికి పోవువారు ఆయా ఎంబసీల ముద్ర కూడ వేయించుకొనక తప్పదు. ఈ మాత్రము భేదము తెలియక, ఒప్పందము ప్రకారము తొలగిపోయిన మెట్టుకు సైతము ఏజెంటు చేతిలో రొక్కము పోయు కుటుంబములుండుట విచారకరము. మోసపోయినవారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఈ సంగతి వారికి చెప్పవలసిన చదువుకున్న వారము మనము చెప్పలేదు.

ఇక రెండవ ప్రశ్న. ఇది నీదేనా?

మన డెల్టా ముస్లిం కుటుంబములలో షేక్, మహమ్మద్, సయ్యద్, పఠాన్ అను మాటలు ఇంటిపేరు స్థానములో పేరుకు ముందు నిలుచుట ఆచారము. రిజిస్టరు వ్రాయు గుమాస్తా చేతిలో షేక్ 'ఎస్.కె.' యగును, మహమ్మద్ 'ఎం.డి.' యగును. ఒక అమ్మాయిని ఊహించుకొందము. పదవ తరగతి మెమోలో ఆమె ఎస్.కె. రెహానా. ఇంటర్ మెమోలో షేక్ రిహానా. ఆధార్ కార్డులో షేక్ రెహనా బేగం. వివాహానంతరము తీసిన పాస్‌పోర్టులో భర్త పేరు కూడ చేరి నాలుగవ రూపము. కంకిపాడులో ఈ నలుగురూ ఒక్కతియే యని ఎవరికైనను తెలియును. పరదేశపు అధికారికి వీరు నలుగురు స్త్రీలు. ఒకరి పాస్‌పోర్టుతో వచ్చి మరొకరి మార్కులు చూపుచున్నారని అతడు అనుమానించినచో అతనిని తప్పుపట్టుట ఎట్లు? ఎం.డి. అను రెండక్షరములు అమెరికాలో వైద్యుని బిరుదము. ఇంటర్ తప్పిన కుర్రవాడు కూడ అక్కడి కాగితములలో డాక్టరుగా కనిపించుట నవ్వు పుట్టించు విషయమే గాని, నవ్వుటకు వీసా వచ్చినవారికి మాత్రమే తీరిక యుండును.

ఇందొక విశేషము గలదు. మహమ్మద్ అను పేరును ఉర్దూలో వ్రాయువారందరు ఒకే తీరున వ్రాయుదురు. ఇంగ్లీషు అక్షరములలోనికి దింపగానే అది ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్, మొహమ్మెద్ అని నాలుగైదు రూపములు దాల్చును. మన భాషలో నిలకడగానున్న పేరు పరభాషలో చీలిపోవుచున్నది. ఆ చీలికకు శిక్ష పడునది పేరు గలవారికి. ఇది ముస్లింల చిక్కు మాత్రమే కాదు. తక్కిన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు వెనుక. తాత ముత్తాతల పేర్లన్నియు కలిపి పెట్టుకొనిన వి.వి.ఎస్.ఎన్. వంటి పొడి అక్షరములు ఒక పత్రములో విడివడి, ఒక పత్రములో ముడిపడియుండును. పాస్‌పోర్టులో ఒంటి పేరే యున్నవారిని 2022 నవంబరు నుండి ఎమిరేట్స్ ప్రభుత్వము సందర్శకుల వీసాపై రానీయుట లేదు. అమెరికా కాగితములలో అట్టివారికి 'ఎఫ్.ఎన్.యు.' అని చేర్చుదురు. మొదటి పేరు తెలియదని దాని యర్థము. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండగా పేరు తెలియనివాడని వ్రాయించుకొనుట కంటె చిన్నతనము లేదు.

ఈ దోషమును తరువాత దిద్దుట ఎంత కష్టమో దిద్దించుకొనినవారినే అడుగవలెను. పదవ తరగతి మెమోలోని అక్షరము మార్చవలెనన్న పాఠశాల అడ్మిషన్ రిజిస్టరే ఆధారము. రిజిస్టరులోనే తప్పున్నచో ఆ తప్పే ఒప్పుగా నిలుచును. ఒకటవ తరగతిలో చేర్చిననాడు తండ్రి నోటితో చెప్పగా ఎవరో వ్రాసికొనిన అక్షరములు పాతికేండ్లకు టొరంటోలోనో దమ్మాములోనో ఎదురువచ్చి నిలుచుచున్నవి.

మూడవ ప్రశ్న సమానత్వమును గురించినది. ఇందు మన విద్యార్థులకు రెండు భ్రమలు గలవు. ఒకటి, మన పత్రమునకు ఎక్కడను విలువ లేదను నిరాశ. రెండవది, 1000కి 980 వచ్చినవి గనుక అన్ని తలుపులు తెరచుకొనునను ధీమా. రెండును నిజము కావు.

మన రాష్ట్రములో 1971 నాటి చట్టముతో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడినది. ఇంటర్ చెప్పు సంస్థను మనము జూనియర్ కళాశాల యందుము. అమెరికాలో ఆ మాటకు అర్థము వేరు; హైస్కూలు ముగిసిన తరువాత రెండేండ్లు చదువు చోటు అది. అందువలన మన అమ్మాయి తాను 'కాలేజీ' చదివితినని వ్రాయును, వారు హైస్కూలు పత్రము ఏదని అడుగుదురు, ఆమె పదవ తరగతి మెమో చూపును, పది సంవత్సరముల చదువు చాలదందురు. ఆమె చేతిలోనున్న ఇంటర్ మెమోయే వారడిగిన పత్రము, అనగా పండ్రెండేండ్ల బడిచదువు ముగింపు. ఒక్క మాట తెలిసియున్నచో తీరిపోవు చిక్కు ఇది. అమెరికాలో విదేశీ పత్రములకు వెలకట్టు ప్రభుత్వ కార్యాలయమనునది లేదు. 1974లో న్యూయార్కులో వెలసిన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వంటి ప్రభుత్వేతర సంస్థలు ఆ పని చేయుచున్నవి. ఏ సంస్థ నివేదికను అంగీకరింతురో చేరదలచిన కళాశాలను ముందడిగి, ఆపైన రుసుము చెల్లించుట వివేకము.

జర్మనీ తీరు వేరు. అక్కడ విశ్వవిద్యాలయములో చదువు ఖర్చు తక్కువయని విని మన పిల్లలు ఉవ్విళ్ళూరుచున్నారు. కాని మన పండ్రెండవ తరగతి పత్రము ఒక్కటే నేరుగా ప్రవేశమునకు చాలదు. ఇక్కడ గుర్తింపు గల విశ్వవిద్యాలయములో ఒక సంవత్సరము జయప్రదముగా చదివియుండవలెను, లేదా అక్కడ 'స్టూడియన్‌కొల్లెగ్' అను సన్నాహక విద్యాలయములో చేరి పరీక్ష నెగ్గవలెను. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ నెగ్గినవారికి సాంకేతిక శాఖలలో సడలింపు గలదు. 2022 నవంబరు నుండి ఢిల్లీలోని ఎ.పి.ఎస్. అను వారి సంస్థ మన పత్రములను పరీక్షించి ఇచ్చు ధ్రువపత్రము కూడ అవసరమైనది. ఇంగ్లండులో ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క గీత గీయును. కేంద్ర బోర్డు విద్యార్థికి ఇంత శాతము చాలునని, రాష్ట్ర బోర్డు విద్యార్థికి అంతకు మించి కావలెనని వ్రాసికొనిన విశ్వవిద్యాలయములు అనేకము. మన బోర్డులో మార్కులు ధారాళముగా పడుచున్నవని వారి అనుమానము కాబోలు. ఇరువదిమందిలో పదిమందికి 950 దాటునట్లు కార్పొరేట్ కళాశాలలు ప్రకటనలు వేయుచుండగా ఆ అనుమానము మన నెత్తికి మనము తెచ్చుకొనినదే యని చెప్పక తప్పదు. ఆ ప్రకటనల ఫలితమును పల్లెలో కష్టపడి నిజముగా 800 తెచ్చుకొనిన పిల్ల అనుభవించుచున్నది.

2021లో కోవిడ్ వలన మన రాష్ట్రమున ఇంటర్ ద్వితీయ సంవత్సరపు పరీక్షలు రద్దయి, పదవ తరగతి, ప్రథమ సంవత్సరముల మార్కులను బట్టి ఫలితములిచ్చిరి. ఆ ఏటి విద్యార్థులకు ఈ సంగతిని వివరించు లేఖ కళాశాల శీర్షికపై ఒకటి యుండిన మేలు. అట్లే 2014 జూన్ 2కు పూర్వపు మెమోలు ఉమ్మడి రాష్ట్రపు బోర్డువి; నేడు ఆంధ్రప్రదేశ్ బోర్డు వేరు, తెలంగాణ బోర్డు వేరు. పాత మెమోను సరిచూడుటకు ఏ కార్యాలయమునకు వ్రాయవలెనో పరదేశమువారికి ఎట్లు తెలియును? చెప్పవలసినవారము మనమే.

ఈ వెలకట్టు వ్యవహారములో చదువు పాలు ఎంత, అధికారము పాలు ఎంత అను సందేహము నాకు ఎప్పుడును కలుగుచుండును. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఖద్దరు ధరించిన కారణమున అధ్యాపకుని ఆగ్రహమునకు గురియై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పత్రముతో బయటపడెను. 1922లో బోస్టను చేరిన ఆయనకు ఆ పత్రము అక్కరకు రాలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి పొట్ట పోసికొనెను. తరువాత ఆయన చేసిన పరిశోధనలు లోకవిదితము. ఆ మనిషిలో విద్య లేదని బోస్టనులో ఎవరును పరీక్షించి తేల్చలేదు, పత్రము చూచి తేల్చిరి. ఇంగ్లండులోని జనరల్ మెడికల్ కౌన్సిల్ 1930లో ఒకసారి, 1975లో మరొకసారి భారతీయ వైద్య పట్టాలకు గుర్తింపు నిలిపివేసినది. మొదటిసారి మనవారు ఊరకుండక 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టము తెచ్చుకొని, మా చదువును మేమే తనిఖీ చేసికొందుమని నిలిచిరి. హైదరాబాదు నుండి నిజాం విద్యార్థి వేతనముపై ఇంగ్లండు పోయిన సరోజినీదేవి పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషన్ నెగ్గిన మేధావిని; ఆమె చదివిన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టాలిచ్చుటకు 1948లో గాని సమ్మతింపలేదు. గుర్తింపునిచ్చు పెద్దలకు సైతము గుర్తింపవలసినది గుర్తించుటకు అంత కాలము పట్టినది.

1997లో ఐరోపా దేశములు లిస్బన్ నగరమున చేసికొనిన ఒప్పందములో ఒక న్యాయమైన సూత్రమున్నది. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు అర్హతనిచ్చు బడి పత్రమును తెచ్చినవానిని నీ చదువు మా చదువుతో సమానమని నిరూపింపుమని అడుగరాదు. రెంటికిని గణనీయమైన భేదమున్నదని చూపవలసిన భారము కాదనువారిదే. ఈ సూత్రము మన పిల్లలకు కూడ వర్తించు దినము రావలెనని నేను కోరుచున్నాను. అంతవరకు నిరూపణ భారము మనపై నున్నది గనుక, నిరూపణ పత్రములు మనమే సిద్ధపరచుకొనవలెను.

ఇతరులను నిందించుటకు ముందు మన ఇంటిని కూడ చూచుకొనవలెను గదా. కువైట్‌లో పనిచేయు తండ్రి తన పిల్లవానిని అక్కడి బడిలో చదివించి, కళాశాల చదువునకు మన ఊరికి పంపెననుకొందము. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలు చాలవరకు సి.బి.ఎస్.ఇ. అనుబంధమున నడచును గనుక పత్రమునకు చిక్కులేదు. విదేశీ బోర్డుల పత్రమైనచో, పండ్రెండేండ్ల బడిచదువు ముగిసియున్న దానిని గుర్తించునట్లు యు.జి.సి. 2025లో నియమములు ప్రకటించినది, అది మంచిదే. కాని స్థానికత సంగతి వేరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రవేశములలో 85 శాతము స్థానములను స్థానికులకు కేటాయించి, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగు సంవత్సరములు ఈ ప్రాంతములో చదివినవానిని స్థానికుడన్నది. ఆ సూత్రము ప్రకారము ఉయ్యూరులోనో కంకిపాడులోనో పుట్టి, ఇక్కడే తాతయ్య ఇల్లున్న పిల్లవాడు స్వస్థలములోనే స్థానికేతరుడగుచున్నాడు. తండ్రి నివాసమును చూపి మిగిలిన 15 శాతములో పోటీపడవలెను. వెనుకబడిన ప్రాంతముల రక్షణకు పుట్టిన నియమమును నేను తప్పనుట లేదు. కూలికై సముద్రము దాటిన వాని బిడ్డను ఆ నియమము ఏమి చేయుచున్నదో శాసనకర్తలు ఒకసారి చూడవలెనని మాత్రమే నా మనవి.

పదవ తరగతిని గూర్చి కూడ ఒక మాట. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము కింద గల్ఫ్ మొదలగు 18 దేశములకు పనికి పోవువారు ప్రభుత్వపు అనుమతి పొందవలసియుండగా, పదవ తరగతి ఉత్తీర్ణులకు ఆ నిర్బంధము లేకుండెను. కనుక ఒక సబ్జెక్టు తప్పి బడి మానివేసిన వాని పాస్‌పోర్టు వేరు, దానిని నెగ్గినవాని పాస్‌పోర్టు వేరు. ఈ ఆశను సొమ్ము చేసికొనుటకు దొంగ మెమోలు అమ్మువారు బయలుదేరిరి. అట్టి పత్రముతో పోయి పట్టుబడినవాడు ఉద్యోగమును, దేశమును, పరువును ఒక్కమారే పోగొట్టుకొనును. సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంట నుండియే పదవ తరగతి నెగ్గు దారి తెరచియుండగా ఆ ఊబిలో దిగనేల? ఏడవ తరగతితో నిలిచిపోయిన మన ఆడపిల్లలకు ఈ దారి చూపుట విద్యార్థుల చేతిలోని పని. ఒక్కొక్కరు తమ వీధిలో ఒక్కరిని చూచుకొనిన చాలును.

కళాశాల కమిటీ వారికి నా విన్నపము ఇది. ఇంటర్ నామినల్ రోల్ బోర్డుకు పంపక ముందే ప్రతి విద్యార్థి పదవ తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు ఉన్నచో పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరమక్షరము సరిచూచి విద్యార్థి చేతను తల్లి చేతనో తండ్రి చేతనో సంతకము చేయించవలెను. ఉర్దూ తెలిసిన అధ్యాపకుడు ఒకరు, తెలుగు అధ్యాపకుడు ఒకరు ఆ వారము ఆఫీసులో కూర్చుండిన చాలును. పేరులో తేడా కనిపించినచో దిద్దుటకు పాత పాఠశాల హెడ్మాస్టరునకు కళాశాలయే లేఖ వ్రాయవలెను. తండ్రి రిక్షా మానుకొని ఆరుసార్లు తిరుగుట కంటె ప్రిన్సిపాలు గారి ముద్ర గల ఒక్క లేఖ బలము ఎక్కువ. మన ఇంటర్ అనగా పండ్రెండేండ్ల బడిచదువు ముగింపని, బోధన ఏ మాధ్యమములో జరిగినదో, ఉత్తీర్ణతకు ఎన్ని మార్కులు కావలెనో తెలుపు ఒక పుట వివరణను ఇంగ్లీషులో అచ్చువేయించి టి.సి.తో పాటు ఇవ్వవచ్చును. పూర్వ విద్యార్థులు విదేశము నుండి ధ్రువీకరణ కోరి వ్రాసినపుడు జవాబు వ్రాయు బాధ్యతను ఒక గుమాస్తాకు పేరుపెట్టి అప్పగింపవలెను.

ఇందుకగు ఖర్చు వార్షికోత్సవపు షామియానా అద్దెకు మించదు. పరీక్ష రుసుము గడువు ప్రకటన నోటీసు బోర్డుపైకి వచ్చు దినముననే ఈ సరిచూపు దినములను కూడ ప్రకటింపవలసినదిగా కోరుచున్నాను.